వాట్సాప్‌లో తిరిగే ఇంగ్లీషు మాటల పుట్టుకథలు: ఏవి నిజం, ఏవి కల్పన?

కొర్లగుంట_సుధ
అందరికీ నమస్కారం. కొర్లగుంటలో ఇంటి దగ్గరే హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్ చెప్తుంటాను. ఒక పిల్లవాడు వాళ్ళ నాన్న ఫోన్‌కు వచ్చిన లిస్టు తెచ్చి బోర్డు మీద రాసేశాడు. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అట. టిప్ అంటే ‘టు ఇన్‌ష్యూర్ ప్రాంప్ట్‌నెస్’ అట. పోష్ (దర్జా అయిన) అంటే ‘పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్’, అంటే వచ్చేటప్పుడు ఓడ ఎడమవైపు గది, తిరిగి వెళ్ళేటప్పుడు కుడివైపు గది అట, మన దేశానికి వచ్చే ఓడల టికెట్ల మీద కొట్టేవారట. రోమ్‌లో సిపాయిలకు జీతం ఉప్పుగా ఇచ్చేవారు కాబట్టి శాలరీ అట. ఇలాంటివి చెప్తే పిల్లలకు మాట ఇట్టే పట్టుబడుతుంది, అందుకే చెప్పాలని నాకూ ఉంది. కానీ అబద్ధాలు నేర్పడం ఇష్టం లేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. రోజూ నోట్లో నలిగే మాటలకు నిజమైన కథలేమైనా ఉంటే అవి కూడా.

చిత్తూరు_మాస్టారు
సుధమ్మా, ముందుగా ఒక గుర్తు చెప్తాను. ఏదైనా పాత ఇంగ్లీషు మాటను పొడి అక్షరాలుగా విడగొట్టి ఒక్కో అక్షరానికి ఒక్కో మాట తగిలించారంటే అది కల్పనే అనుకోవచ్చు. మొదటి అక్షరాలు కలిపి కొత్త మాట తయారుచేసే అలవాటు దాదాపుగా 20వ శతాబ్దానిది. రాడార్, లేజర్ అట్లా పుట్టినవే. ఆ పద్ధతిని పిలవడానికి ఇంగ్లీషులో ‘అక్రోనిమ్’ అనే మాట కూడా 1940లలో గానీ వాడుకలోకి రాలేదు.

న్యూస్ 14వ శతాబ్దం నాటికే ఉంది. ‘న్యూ’కు బహువచనం, అంతే. కొత్త సంగతులు అని అర్థం. అసలు దిక్కులు చెప్పేటప్పుడు నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అనే వరసలో ఇంగ్లీషువాడు ఎవడైనా చెప్తాడా?

టిప్ 17వ శతాబ్దపు దొంగల పరిభాషలోది. ‘ఇటివ్వు, అందించు’ అని అర్థం. పోష్ కథలో చెప్పే ఓడ కంపెనీ పీ అండ్ ఓ. అట్లాంటి ముద్ర ఉన్న టికెట్ ఒక్కటి కూడా ఎవరికీ దొరకలేదు.

ఏడుకొండల_దాసు
మాస్టారూ, మీరు అన్నిటికీ నీళ్ళు చల్లేస్తే ఎట్లా? ఉప్పు కథైనా ఉండనివ్వండి. మనవాళ్ళు ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అంటారు కదా, సరిగ్గా అతుకుతుంది.

చిత్తూరు_మాస్టారు
అతుకుతుంది కాబట్టే అంత తొందరగా నమ్మేస్తాం దాసుగారూ. శాలరీకి మూలం లాటిన్ ‘సలారియం’. అందులో ‘సాల్’ అంటే ఉప్పే, అంతవరకు నిజం. కానీ సిపాయికి నెల కాగానే ఉప్పు మూట కొలిచి ఇచ్చారనడానికి రోమన్ల రాతల్లో ఆధారం లేదు. వాళ్ళ సిపాయిల జీతానికి వేరే మాట ఉండేది, ‘స్టిపెండియం’. అది నాణేల్లో ఇచ్చేది.

అన్నట్టు, మన ‘జీతం’ కూడా ఊరికే పుట్టలేదు. ప్రకృతి జీవితం, వికృతి జీతం. బడిలో చదువుకున్నదే, మనం మర్చిపోయాం.

నైట్‌డ్యూటీ_హౌస్‌సర్జన్
ఆగండాగండి. స్టిపెండియం అంటే మా స్టైఫండ్ కదా! మా వార్డుల్లో రోజుకు పదిసార్లు వినపడే మాట అదే. రోమన్ సిపాయిలకు టైముకు పడేదా సార్?

చిత్తూరు_మాస్టారు
అదే మాట నాయనా. ‘స్టిప్స్’ అంటే చిల్లర నాణెం, ‘పెండెరె’ అంటే తూచి ఇవ్వడం. టైముకు పడేదా అంటావా, పడనప్పుడు వాళ్ళు ధర్నా చేసేవాళ్ళు కాదు, చక్రవర్తినే మార్చేసేవాళ్ళు.

డిపో_రమణ
నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. బస్సు గురించి ఎవరైనా చెప్తారేమో అని చూస్తా ఉన్నా, ఎవరూ ఎత్తలేదు. నేనే చెప్తా. బస్సు అసలు పేరు ఆమ్నిబస్. లాటిన్ మాట, ‘అందరికీ’ అని అర్థం. ఫ్రాన్సులో 1820లలో గుర్రాలతో లాగే బండ్లకు ఆ పేరు పెట్టారు, 1829లో లండన్‌లో కూడా మొదలైంది. తర్వాత జనం ముందు భాగం తీసేసి తోక ఒక్కటి ఉంచుకున్నారు.

తమాషా ఏమంటే ఆ చివర ఉన్న ‘బస్’ అసలు మాటే కాదు, విభక్తి. మన ‘కి’, ‘కు’ లాంటిది. ‘అందరికీ’ అనేదాంట్లో ‘అందరి’ తీసేసి ‘కీ వచ్చింది, కీ ఎక్కండి’ అన్నట్టు! ఇది నాకు డిపోలో ఒక లాటిన్ చదివిన ఫాదర్ చెప్పారు. అప్పటినుంచి అలిపిరి దగ్గర బస్సు చూస్తే నవ్వొస్తుంది.

టికెట్ కూడా ఫ్రెంచి మాటే. అంటించే చీటీ అని. మర్యాద పద్ధతులకు వాడే ‘ఎటికెట్’ కూడా దాని తోబుట్టువే. టికెట్ తీసుకోకుండా ఎక్కేవాళ్ళకు రెండూ ఉండవు.

చెన్నైలో_చిత్తూరోడు
రమణన్నా, బస్సు దిగినాక మనం నిలబడే క్యూ సంగతి చెప్పు మరి.

డిపో_రమణ
అది నాకు తెలీదప్పా. నిలబడటం ఒక్కటే తెలుసు.

చిత్తూరు_మాస్టారు
క్యూ అంటే ఫ్రెంచిలో తోక. లాటిన్ ‘కౌదా’ నుంచి వచ్చింది. ఇంగ్లీషులో మొదట జంతువు తోకకు, తర్వాత మగవాళ్ళు వెనక వేసుకునే జడకు వాడారు. మనుషుల వరస అనే అర్థంలో 1837లో థామస్ కార్లైల్ వాడాడు, ఫ్రెంచి విప్లవం గురించి రాస్తూ. ప్యారిస్‌లో రొట్టెల కొట్ల ముందు జనం ఒకరి వెనక ఒకరు నిలబడటం ఆయనకు వింతగా తోచింది. ఇంగ్లీషువాళ్ళకు వింత! ఇప్పుడేమో క్యూ అంటే వాళ్ళ పేటెంటు అన్నట్టు మాట్లాడతారు.

ఇక ‘లైన్’ అంటే లాటిన్‌లో అవిసె నారతో చేసిన దారం. లినెన్ గుడ్డ కూడా అక్కడిదే. మనం తిరుమలలో ‘క్యూ లైన్’ అంటాం కదా, విడమర్చి చెప్తే ‘తోక దారం’. పండగ రోజుల్లో సర్వదర్శనం క్యూ వైకుంఠం కాంప్లెక్స్ దాటి శిలాతోరణం దాకా సాగినప్పుడు ఆ పేరు బాగానే సరిపోతుంది.

పలమనేరు_పద్మ
ఇక్కడ హోటల్, హాస్టల్, హాస్పిటల్ గురించి కూడా చెప్పాలి. మూడూ ఒక తల్లి పిల్లలే అని కాలేజీలో మా లెక్చరర్ చెప్పారు. లాటిన్‌లో ‘హోస్పెస్’ అంటే అతిథి, ఆతిథ్యం ఇచ్చేవాడు, ఇద్దరూ. బాటసారులకు ఆశ్రయం ఇచ్చే చోటు ‘హోస్పిటాలె’. దాంట్లో నుంచి ఒకటి రోగుల వైపు వెళ్ళింది, ఒకటి విద్యార్థుల వైపు, ఒకటి డబ్బున్న ప్రయాణికుల వైపు. హోటల్‌లో ‘స’కారం ఫ్రెంచివాళ్ళ నోట్లో అరిగిపోయింది. మనం హాస్పిటల్‌ను ఆసుపత్రి చేసుకున్నాం.

తిరుపతికి వచ్చిన ఫారిన్ వాళ్ళు తికమక పడేది ఇక్కడే. వాళ్ళకు హోటల్ అంటే పడుకునే చోటు. మనకు ఇడ్లీ తినే చోటు. గది కావాలంటే మనం లాడ్జి అంటాం.

కలెక్టరేట్_గుమాస్తా
చౌల్ట్రీని మరిచిపోయారే! పాతకాలంలో తిరుపతికి వచ్చినవాళ్ళు దిగేది చౌల్ట్రీలోనే. సత్రానికి ఇంగ్లీషు పేరు అనుకుంటారు గానీ లండన్‌లో అడిగితే ఎవరికీ తెలీదు. మద్రాసు ప్రెసిడెన్సీ ఇంగ్లీషువాళ్ళు మన ‘చావడి’ని వాళ్ళ నోటికి తగ్గట్టు తిప్పుకున్న మాట అది. ఊళ్ళో రచ్చ చావడి ఉండదూ, అదే. 1886లో యూల్, బర్నెల్ వేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఉంది. ఇండియాలో ఇంగ్లీషువాళ్ళు వాడిన మాటలన్నీ అందులో పోగేశారు.

వాళ్ళకు ఇచ్చి, తిరిగి ఇంగ్లీషు అనుకుని తెచ్చుకున్నవి మనకు చాలానే ఉన్నాయి. గోడౌన్ కూడా అట్లాంటిదే. ఇంగ్లీషులోకి మలయ్ ‘గుదాంగ్’ మీదుగా వెళ్ళింది, దాని వెనక మన గిడ్డంగి, తమిళ కిడంగు ఉన్నాయని చాలా నిఘంటువులు రాస్తాయి. ఇప్పుడు మా ఆఫీసులో ‘గిడ్డంగి’ అని ఫైల్లో రాస్తే, అదేంది గోడౌనా అని అడుగుతారు.

తోతాపురి
దామలచెరువులో మామిడి మండీ మాది. మ్యాంగో అనేది మన మామిడికాయ నుంచే పోయిందని మా నాయన చెప్తా ఉంటాడు. నిజమేనా?

చెన్నైలో_చిత్తూరోడు
దగ్గర చుట్టమే గానీ నేరుగా కాదన్నా. పోర్చుగీసువాళ్ళు 1498లో దిగింది కేరళ తీరాన, కోళికోడు దగ్గర. అక్కడ మలయాళంలో మాంగ, తమిళంలో మాంగాయ్. అది పోర్చుగీసులో మంగ అయి, ఇంగ్లీషులో మ్యాంగో అయింది. వాళ్ళు మచిలీపట్నంలో దిగి ఉంటే మీ నాయన మాటే నిజమయ్యేది.

పనస కూడా అంతే. మలయాళం ‘చక్క’ పోర్చుగీసులో ‘జాక’, ఇంగ్లీషులో జాక్‌ఫ్రూట్. కేరళవాళ్ళు రేవులో ఉన్నారు కాబట్టి వాళ్ళ మాటలు ఓడెక్కాయి.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో ఇంగ్లండుకు పచ్చి మామిడి చేరేది కాదు, దారిలోనే కుళ్ళిపోయేది. చేరింది ఊరగాయే. దాంతో వాళ్ళు మ్యాంగో అంటే ఊరబెట్టింది అనుకుని, ఏ కూరగాయ ఊరేసినా మ్యాంగో అన్నారు. అమెరికాలో కొన్ని చోట్ల పాతతరం వాళ్ళు క్యాప్సికంను మ్యాంగో అనడం అక్కడి నుంచి వచ్చిందే.

తోతాపురి
క్యాప్సికంను మ్యాంగో అంటే మా గుజ్జు ఫ్యాక్టరీవాళ్ళు ఊరుకోరు. రేటు విషయంలో ఇప్పటికే సీజనంతా టెన్షన్.

సరే, మామిడి పోయింది. బెల్లమన్నా మనదేనా? చిత్తూరు బెల్లం మండీ పేరు చెప్తే యాడైనా తెలుసు.

చిత్తూరు_మాస్టారు
వస్తువు మీదే, పేరు కాస్త తిరిగొచ్చింది. సంస్కృతంలో ‘శర్కర’ అంటే మొదటి అర్థం గరుకు ఇసుక, సన్న గులకరాయి. గడ్డకట్టిన చెరకు రసం అట్లా పలుకులుగా ఉంటుంది కాబట్టి దానికీ ఆ పేరే వచ్చింది. ఆ మాట పడమటికి నడిచింది. పర్షియాలో షకర్, అరబ్బుల్లో సుక్కర్, ఇటలీలో జుక్కెరో, ఫ్రాన్సులో సుక్ర్, ఇంగ్లండులో షుగర్. అదే మాట దక్షిణానికి దిగి మనకు చక్కెర, మలయాళంలో చక్కర అయింది. మలయాళంలో చక్కర అంటే బెల్లం. పోర్చుగీసులు దాన్ని పట్టుకుని జాగర అంటే, ఇంగ్లీషువాళ్ళు జాగరీ అన్నారు. అంటే షుగర్, జాగరీ ఒకే మాటకు రెండు రూపాలు. ఒకటి ఒంటెల మీద, ఒకటి ఓడ మీద ఇంగ్లండు చేరాయి. క్యాండీ కూడా మన ‘ఖండం’ పర్షియా, అరబ్బు దేశాల మీదుగా తిరిగి వెళ్ళి అయిందే.

‘బెల్లం’ మాత్రం ఎటూ పోలేదు. తమిళ వెల్లం, కన్నడ బెల్ల, అంతా మన ఇంటి మాటే.

ఏడుకొండల_దాసు
చూశారా, తిప్పి తిప్పి సంస్కృతానికే వచ్చారు. బ్రదర్ అంటే భ్రాతృ, డాటర్ అంటే దుహితృ, త్రీ అంటే త్రి. ఇంగ్లీషు మొత్తం సంస్కృతం నుంచి వచ్చిందే. ఇది ఫార్వర్డు కాదు, నేనే గమనించింది.

కుప్పం_మూడుభాషలు
దాసుగారూ, పోలిక నిజమే. కానీ తల్లీబిడ్డల పోలిక కాదు, అక్కచెల్లెళ్ళ పోలిక. 1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ చెప్పింది అదే: సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడింటికీ ఏదో ఒక మూలం ఉండాలి, అది ఇప్పుడు లేకపోవచ్చు. ఇంగ్లీషుకు బ్రదర్ సంస్కృతం ఇవ్వలేదు, ఇద్దరికీ ఆ పాత ఇంటి నుంచి వచ్చింది. షుగర్ సంగతి వేరు, అది అప్పుగా వెళ్ళిన మాట.

తెలుగు ఆ ఇంటిది కాదు, కన్నడం, తమిళంతో కలిసి వేరే ఇంటిది. ఈ సంగతి మొదట ఆధారాలతో చూపించింది మద్రాసు కలెక్టరుగా చేసిన ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, 1816లో, అదీ కాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో. మా కుప్పం సంతలో ఇది నిరూపించడానికి పుస్తకం అక్కర్లేదు. రెండు, ఎరడు, ఇరండు. మూడు, మూరు, మూన్ఱు. కూరగాయలమ్మ మూడు భాషల్లో బేరమాడుతుంది, లెక్క తప్పదు.

ఏడుకొండల_దాసు
మరి తమిళంలో ‘ఎట్టు’, ఇంగ్లీషులో ‘ఎయిట్’? రెండూ ఎనిమిదే. దీనికేమంటావు బాబూ?

కుప్పం_మూడుభాషలు
మంచి ప్రశ్న. ఊరికే కుదిరింది. పాత తమిళంలో ఎనిమిదికి ‘ఎణ్’ అనే రూపం ఉంది, కన్నడంలో ‘ఎంటు’, మన ‘ఎనిమిది’లో కూడా ఆ ‘ఎన’ వినపడుతుంది. వెనక్కి వెళ్ళేకొద్దీ అందులో నకారం బయటపడుతుంది. ఎయిట్‌ను వెనక్కి తీసుకెళ్తే లాటిన్ ‘ఒక్తో’, సంస్కృతం ‘అష్ట’ పక్కన తేలుతుంది. వెనక్కి నడిచేకొద్దీ దగ్గరైతే చుట్టాలు, దూరమైతే కాదు.

ఇంకోటి. ఇప్పటి గ్రీకు భాషలో నీళ్ళను ‘నెరో’ అంటారు. మన నీరే అని ఎగిరి గంతేయొద్దు. వాళ్ళ పాతమాటకు అర్థం ‘తాజా నీరు’, అందులో తాజా అనే అర్థం ఉన్న భాగం మిగిలి నెరో అయింది.

పలమనేరు_పద్మ
నాకు ఎప్పటి నుంచో ఒక కోపం ఉంది, ఇక్కడ చెప్పేస్తా. చిన్నప్పుడు ఊళ్ళో ఎవరినైనా మామా, అత్తా, చిన్నాయనా, పెద్దమ్మా అనేవాళ్ళం. కొత్తవాళ్ళు కనపడినా వరస కలిపేవాళ్ళం. ఇప్పుడు పిల్లలు పాలవాడి దగ్గర నుంచి డాక్టరు దాకా అంకుల్, ఆంటీ. ఆ రెండు మాటలు వచ్చి మన వరసలన్నీ మింగేశాయి.

చిత్తూరు_మాస్టారు
పద్మమ్మా, ఆ రెండు మాటల చరిత్ర వింటే నీ కోపం సగమన్నా తగ్గుతుంది.

అంకుల్‌కు మూలం లాటిన్ ‘అవుంకులుస్’. దానర్థం మేనమామ. మేనమామ ఒక్కడే. తండ్రి అన్నదమ్ములకు వేరే మాట, ‘పత్రువుస్’. ఆంటీకి మూలం ‘అమిత’, అంటే మేనత్త. తల్లి అక్కచెల్లెళ్ళకు మళ్ళీ వేరే మాట. అంటే రోమన్లు మన లాగే నాలుగు వరసలూ విడివిడిగా పాటించారు.

ఇంగ్లీషువాళ్ళకు కూడా ఒకప్పుడు నాలుగు మాటలుండేవి. మేనమామను ‘ఈయమ్’ అనేవాళ్ళు, తండ్రి సోదరుణ్ణి ‘ఫెడెర’ అనేవాళ్ళు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు దిగాయి. ఫ్రెంచిలో అప్పటికే అవుంకులుస్ అరిగి అంకుల్ అయ్యి, అటు తండ్రి వైపు, ఇటు తల్లి వైపు అందరినీ కలిపేసింది. ఇంగ్లీషులో పాత నాలుగూ చచ్చిపోయాయి. అంకుల్ మింగింది ముందు వాళ్ళ వరసల్ని, తర్వాత మనవి.

ఇక నాకు భలే నచ్చేది చెప్తాను. మన లెక్కలో మేనమామ భార్య అత్త, మేనత్త భర్త మామ. అంకుల్ అంటే మేనమామ, ఆంటీ అంటే మేనత్త అయితే, మన పిల్లలు ‘అంకుల్, ఆంటీ’ అని మొగుడూ పెళ్ళాల్ని జంటగా పిలిచినప్పుడు అక్షరాలా ‘మామా, అత్తా’ అంటున్నట్టే. రోమన్లకు ఆ జంట కుదరదు, మేనరికం ఉన్న మనకే కుదురుతుంది.

పలమనేరు_పద్మ
అయితే పక్కింటి పిల్లాడు మా ఆయన్ని అంకుల్ అంటే మా అమ్మాయికి బావ వరస అవుతాడన్నమాట. ఇది ఆ పిల్లాడికి చెప్పకపోవడమే మంచిది.

డిపో_రమణ
హహ్హహ్హ.

కలెక్టరేట్_గుమాస్తా
మాస్టారూ, మరి కజిన్? మనవాళ్ళు ‘కజిన్ బ్రదర్’ అంటే ఇంగ్లీషు వచ్చినవాళ్ళు తప్పు పడతారు.

చిత్తూరు_మాస్టారు
నేను తప్పు పట్టను. లాటిన్ ‘కొన్‌సోబ్రినుస్’ అంటే మొదట అక్కచెల్లెళ్ళ పిల్లలు ఒకరికొకరు. అంటే పెద్దమ్మ, పిన్నమ్మ పిల్లలు. వాళ్ళు మనకు అన్నదమ్ములే కదా! మనకు బావ వేరు, అన్న వేరు. ఇద్దర్నీ ‘కజిన్’ అని ఒకే గాటన కట్టమంటే తెలుగువాడి మనసొప్పదు. అందుకే పక్కన బ్రదర్ తగిలించి తేడా చెప్తాడు. అది తెలియక చేసిన తప్పు కాదు, అవసరం. పరీక్షలో మాత్రం రాయొద్దని పిల్లలకు చెప్పాలి, మార్కులు పోతాయి.

కలెక్టరేట్_గుమాస్తా
మా ఆఫీసు మాట కూడా ఒకటి వేసుకోండి. ఇప్పుడు ఆఫీస్ సబార్డినేట్ అంటున్నాం గానీ పాత రికార్డుల్లో ప్యూన్. పోర్చుగీసు మాట, కాలినడకన వెళ్ళే బంటు అని. లాటిన్‌లో పాదం అనే మాట నుంచి వచ్చింది. చదరంగంలో ‘పాన్’ కూడా అదే పాదం నుంచి వచ్చింది. ఇప్పుడు తెలుగు చూడండి. ప్యూన్‌ను మనవాళ్ళు బంట్రోతు అన్నారు, బంటు, రౌతు కలిసిన మాట. చదరంగంలో పాన్‌ను ఏమంటాం? బంటు! ఎవరూ అనువాదం చేసుకోలేదు, రెండు భాషలూ విడివిడిగా ఆ కాలిబంటునే ఆఫీసు గుమ్మం దగ్గరా, చదరంగం బల్ల మీదా నిలబెట్టాయి.

చదరంగం నుంచే బ్యాంకు చెక్కు కూడా. పర్షియన్ ‘షా’ అంటే రాజు. రాజుకు చెక్ పెట్టడం, అడ్డుకోవడం, సరిచూడటం, చివరికి సరిచూసుకునే కాగితం. సంతకం తేడా వస్తే చెక్కు తిరిగొచ్చేది అందుకే మరి.

నైట్‌డ్యూటీ_హౌస్‌సర్జన్
మా వైపు నుంచి రెండు. ఇన్‌ఫ్లుయెంజా ఇటాలియన్ మాట, ‘ప్రభావం’ అని. నక్షత్రాల ప్రభావం వల్ల జ్వరాలు వస్తాయని నమ్మేవాళ్ళు. డిజాస్టర్ కూడా అంతే, చెడ్డ నక్షత్రం. మా అమ్మమ్మ ఏది జరిగినా ‘గ్రహపాటు’ అంటుంది. నేను సైన్సు చదివి ‘డిజాస్టర్’ అంటాను. ఇద్దరం ఒకటే అంటున్నాం.

మజిల్ అంటే లాటిన్‌లో చిట్టెలుక. చెయ్యి మడిచినప్పుడు కండ చర్మం కింద ఎలుకలా కదులుతుందని.

తోతాపురి
ఎలుకలంటే గుర్తొచ్చింది. తోటలో పందికొక్కులు గుంతలు తవ్వి చంపుతా ఉండాయి. వాటి మందు డబ్బా మీద ఇంగ్లీషులో బ్యాండికూట్ అని ఉండాది. అదేం మాట?

కుప్పం_మూడుభాషలు
అన్నా, మామిడి దగ్గర పోయిన పరువు ఇక్కడ దక్కింది. బ్యాండికూట్ అచ్చంగా మన తెలుగు పందికొక్కే. పంది, కొక్కు. ఏ నిఘంటువు తీసినా తెలుగు అనే ఉంటుంది. తర్వాత ఇంగ్లీషువాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళి, అక్కడ పొట్టకు సంచి ఉన్న, పొడుగు మూతి జంతువును చూసి దానికీ ఈ పేరే పెట్టేశారు. దానికీ మన పందికొక్కుకూ ఏ చుట్టరికమూ లేదు. ఇప్పుడు ప్రపంచంలో బ్యాండికూట్ అంటే ఎక్కువమందికి ఆ ఆస్ట్రేలియా జంతువే తెలుసు.

తోతాపురి
మామిడి, బెల్లం పక్క రాష్ట్రం పేరుతో పోయి, పందికొక్కు ఒక్కటి తెలుగు పేరుతో పోయిందా! బాగుంది మన రాత.

చిత్తూరు_మాస్టారు
జంతువుల దగ్గరే ఇంకొకటి, ఇది పిల్లలకు బాగుంటుంది సుధమ్మా. ఇంగ్లీషులో డీర్ అంటే ఒకప్పుడు ఏ జంతువైనా. జర్మన్‌లో ఇప్పటికీ ‘టీర్’ అంటే జంతువు. వేటలో ఎక్కువగా దొరికేది జింక కాబట్టి క్రమంగా ఆ పేరు జింకకే మిగిలింది. సంస్కృతంలో ‘మృగం’ రెండు అర్థాలూ ఇస్తుంది. మృగరాజు అంటే జంతువులకు రాజు. మృగశిర అంటే జింక తల. ఇంగ్లీషులో జింక మిగిలింది, మన తెలుగులో క్రూరమృగం మిగిలింది.

పలమనేరు_పద్మ
టిఫిన్ ఎవరూ చెప్పలేదు, పొద్దున్నే చదువుతున్నా కాబట్టి నేనే చెప్తా. అది ఇంగ్లీషు యాస మాట, ‘టిఫింగ్’, అంటే మధ్యమధ్య చిన్న గుక్క వేయడం. గుక్క దేంటిదో మీరే ఊహించుకోండి. ఇండియాలో దొరలు మధ్యాహ్నం తినే తేలిక భోజనానికి ఆ పేరు వాడారు. ఇంగ్లండులో ఆ మాట దాదాపు పోయింది. మన దగ్గర ఏకాదశి నాడు అన్నం మానేసినవాళ్ళు కూడా ‘టిఫిన్’ చేస్తారు.

ఏడుకొండల_దాసు
పద్మగారూ, ఏకాదశి టిఫిన్ మీద ఎత్తిపొడుపులు వద్దు. ఉప్మా పలహారమే.

ఓకే అనే మాట ఎవరైనా చెప్పండి. అది గ్రీకు అని ఒకరు, యుద్ధంలో ‘జీరో కిల్డ్’ అని ఒకరు పంపారు.

చెన్నైలో_చిత్తూరోడు
రెండూ కాదు సార్. దీనికి తేదీతో సహా లెక్క ఉంది. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో అచ్చయింది. అప్పట్లో అక్కడి కుర్రకారుకు ఒక సరదా ఉండేది. మాటల్ని కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, వాటి మొదటి అక్షరాలు మాత్రం వాడటం. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’ అని రాసి, ఓకే చేశారు. అట్లాంటి పొట్టి మాటలు చాలానే పుట్టి చచ్చాయి. ఓకే మాత్రం బతికింది, ఎందుకంటే మరుసటి ఏడు, 1840లో అమెరికా ఎన్నికలొచ్చాయి. పోటీలో ఉన్న మార్టిన్ వాన్ బ్యూరెన్ ఊరు కిండర్‌హుక్, ఆయన్ని ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అనేవాళ్ళు. ఆయన మనుషులు ఓకే క్లబ్బులు పెట్టి ఊరూరా ప్రచారం చేశారు. ఆయన ఓడిపోయాడు, మాట గెలిచింది. ఇదంతా 1960లలో అలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు పాత పత్రికలు వెతికి తేల్చాడు.

కలెక్టరేట్_గుమాస్తా
అంటే మాస్టారు చెప్పిన మొదటక్షరాల నియమానికి ఇది మినహాయింపా?

చిత్తూరు_మాస్టారు
మినహాయింపే. అందుకే దీనికి పత్రిక, తేదీ చూపించాల్సి వచ్చింది. న్యూస్‌కు, పోష్‌కు అట్లా చూపించమనండి, నేనే ఒప్పుకుంటాను.

కొర్లగుంట_సుధ
అందరికీ చాలా థ్యాంక్స్. రేపటి క్లాసుకు అంకుల్, ఆంటీ, పందికొక్కు తీసుకెళ్తున్నా. పద్మగారి బావ వరస మాత్రం చెప్పను. ఒక ఏడో తరగతి పాప అడిగింది, పెన్, పెన్సిల్ అక్కాచెల్లెళ్ళా అని. అవుననే చెప్పబోయి ఆగాను.

కుప్పం_మూడుభాషలు
ఆగి మంచిపని చేశారక్కా. అక్కాచెల్లెళ్ళు కాదు. పెన్‌కు మూలం లాటిన్ ‘పెన్నా’, పక్షి ఈక. ఈకను చెక్కి సిరాలో ముంచి రాసేవాళ్ళు కదా. పెన్సిల్ వేరే మాట, ‘పెనిసిల్లుస్’, చిన్న కుంచె. ఇంగ్లీషులో మొదట పెన్సిల్ అంటే బొమ్మలు వేసే కుంచే. లోపల నల్లటి గ్రాఫైట్ ఉన్న కడ్డీకి ఆ పేరు తర్వాత వచ్చింది.

నైట్‌డ్యూటీ_హౌస్‌సర్జన్
పాపకు ఇంకోటి కూడా చెప్పండి. పెన్సిల్‌కు అసలైన చుట్టం పెన్సిలిన్. 1928లో ఫ్లెమింగ్ చూసిన బూజు పేరు పెనిసిలియం, మైక్రోస్కోపులో చిన్న కుంచెల్లాగే కనపడుతుంది. మా మైక్రోబయాలజీ ల్యాబులో స్లైడు చూపించి బొమ్మ గీయమనేవాళ్ళు, పెన్సిల్‌తోనే.